ఉక్కు – ఊహ: తెలంగాణ లోహ చరిత్ర వెలుగులో కాల్పనిక కవచ లోహాలు

ప్రవేశిక

అభేద్య కవచమనే ఊహ మన సాహిత్యానికి కొత్త కాదు. మహాభారతంలో కర్ణుని సహజ కవచం సూర్యుని వరం. త్రిపురాసురుల పురాలు బంగారు, వెండి, ఇనుములతో నిర్మితమైనవి. ఆధునిక వైజ్ఞానిక కల్పన వరం స్థానంలో లోహాన్ని నిలిపింది. మార్వెల్ కామిక్స్‌లో 1966లో వైబ్రేనియం, 1969లో అడమాంటియం ప్రవేశించాయి. మొదటిది దెబ్బలోని శక్తిని తనలోకి పీల్చుకుంటుంది. రెండవది ఎన్నటికీ విరగదు. వాస్తవ లోహాల చరిత్రతో పోల్చినప్పుడు ఈ కల్పన దేన్ని విస్మరించిందో తెలుస్తుంది.

కాఠిన్యం – పెళుసుదనం

వాస్తవ లోహానికి ప్రతి గుణమూ మరొక గుణాన్ని తగ్గించుకొనే లభిస్తుంది. ఇనుములో కర్బనం పెరిగితే కాఠిన్యం పెరుగుతుంది, దానితోపాటు పెళుసుదనమూ పెరుగుతుంది. ఉత్తర తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు ఈ వైరుధ్యానికి మధ్యయుగాలలో లభించిన సమాధానాలలో ఒకటి. కమ్మరులు ఇనుమును మట్టి మూసలలో మూసివేసి, కొలిమిలో దీర్ఘకాలం కాల్చి, నెమ్మదిగా చల్లార్చేవారు. ఆ దిమ్మెలలో కర్బనం సుమారు 1 నుండి 2 శాతం ఉండేది. పారశీక వర్తకులు ఈ ఉక్కు కోసం కోనసముద్రం దాకా వచ్చేవారు. అక్కడి తయారీ విధానంపై హెన్రీ వాయ్సీ రాసిన వివరణ 1832లో ప్రచురితమైంది. 'వూట్జ్' పేరుతో ఇంగ్లండు చేరిన భారతీయ ఉక్కును మైకేల్ ఫారడే వంటి శాస్త్రవేత్త సైతం పరీక్షించాడు.

ఈ ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తులపై కనిపించే అలల రేఖలకు ఖనిజంలోని వనాడియం వంటి మూలకాల స్వల్పాంశాలు తోడ్పడ్డాయని ఆధునిక పరిశోధన సూచించింది. అయితే ఆ అంశం ఒక్కటే చాలదు. మూసలోని వేడి, చల్లార్చే వేగం, సుత్తి దెబ్బ కుదిరితేనే ఆ రేఖ ఏర్పడుతుంది. 2010లో శారదా శ్రీనివాసన్, గిల్ జూలెఫ్, ఎస్. జైకిషన్ తదితరులు ఉత్తర తెలంగాణలో జరిపిన క్షేత్ర సర్వే ఇనుప చిట్టెపు కుప్పలను, మూసల శకలాలను విస్తృతంగా నమోదు చేసింది. ఈ విద్య ఒక వ్యక్తి రహస్యం కాదని, గ్రామాల సమష్టి జ్ఞానమని ఈ ఆధారాలు సూచిస్తాయి. అడమాంటియం మాత్రం కథలో ఒకే శాస్త్రవేత్త రహస్యం.

మూడు జిల్లాలు, మూడు అంశాలు

లోహానికి ఖనిజం, ఇంధనం, నైపుణ్యం మూడూ అవసరం. నేటి మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం ఇనుప ఖనిజానికి ప్రసిద్ధం. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులున్నాయి. జనగామ జిల్లాలోని పెంబర్తి ఇత్తడి రేకు పనికి పేరుపొందింది. దేవతామూర్తుల కవచాలు, ధ్వజస్తంభాల తొడుగులు చేసే పెంబర్తి శిల్పి రేకును కొట్టేకొద్దీ అది గట్టిపడి పగుళ్లకు సిద్ధమవుతుంది. అందుకే మధ్యమధ్య దాన్ని కాల్చి మెత్తబరచాలి. ఇత్తడికి దెబ్బ గుర్తుంటుంది, వైబ్రేనియానికి ఉండదు. భౌతిక సూత్రం ప్రకారం శక్తి నశించదు. అది వేడిగానో, వంపుగానో, పగులుగానో మిగలవలసిందే.

వైబ్రేనియం కథలో వకాండా సంపదకు మూలం ఖనిజమే. బయ్యారం చర్చ కూడా తరచు ఈ తర్కంలోనే సాగుతుంది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం ఖమ్మం జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగార సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని నిర్దేశించింది. అప్పట్లో ఆ జిల్లాలో ఉన్న బయ్యారం 2016 పునర్విభజనలో మహబూబాబాద్‌లో చేరింది. ప్రాంత ప్రజల ఆకాంక్ష న్యాయమైనదే. కానీ ఖనిజం ఉన్నంత మాత్రాన ఉక్కు రాదు. గోదావరి లోయ బొగ్గు విద్యుదుత్పత్తికి పనికివచ్చినా, ఊదు కొలిమికి కావలసిన కోకింగ్ బొగ్గు కాదు. సమీపంలోని ఇంధనం సైతం నేరుగా అక్కరకు రాని స్థితి ఇది.

ఉపసంహారం

కాల్పనిక లోహం గనిలోనో, ఒక మేధావి ప్రయోగశాలలోనో పూర్తవుతుంది. వాస్తవ లోహం కొలిమి దగ్గర, సుత్తి పట్టిన చేతిలో పూర్తవుతుంది. కోనసముద్రం కొలుములు చల్లారినప్పుడు ఇనుప ఖనిజం నేలలో మిగిలే ఉంది. పోయింది పని తెలిసినవారి పరంపర. బయ్యారం గురించి ఆలోచించేవారూ, పెంబర్తి చేతిపనిని కాపాడదలచినవారూ ఆ చరిత్రను ముందుంచుకోవడం అవసరం.