ఫుట్‌బాల్ సీజను తొలి వారం – అభిమానుల తొందర, చరిత్ర చెప్పే మాట

ఆగస్టు నెల వచ్చిందంటే చాలు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లలో మన ఇళ్ల పిల్లకాయలకు నిద్ర తక్కువైపోతుంది. ఇంగ్లండులో ప్రీమియర్ లీగు కొత్త సీజను మొదలయ్యేది అప్పుడే. అక్కడ మధ్యాహ్నం మూడు గంటలకు జరిగే ఆట మనకు రాత్రి ఏడున్నరకు వస్తుంది. అక్కడ రాత్రి ఎనిమిదికి మొదలయ్యే ఆట చూడాలంటే మనం అర్ధరాత్రి దాటి పన్నెండున్నర దాకా మేలుకోవాలి. తెల్లవారి టీ అంగడి దగ్గర తీర్పులు మొదలౌతాయి. ఒక్క ఆట ఓడిపోతే "ఈ ఏడు మన టీము పని అయిపోయినట్టే" అంటాడొకడు. ఒక్క ఆట గెలిస్తే "కప్పు మనదే పో" అంటాడు ఇంకొకడు. కోచ్‌ను తీసేయమనేవాళ్లు, కొత్తగా కొన్న ఆటగాడు దండగ అనేవాళ్లు సరేసరి.

పెద్దవాళ్లు ఈ గోల విని నవ్వుకుంటారు, కొందరు విసుక్కుంటారు కూడా. అయితే ఈ తొలి వారం తొందర ఇప్పటిది కాదు, దీనికి పాత చరిత్రే ఉంది. ఆ చరిత్రలో మన దక్కను వాళ్లకూ, మన పొరుగున ఉన్న బెంగుళూరు వాళ్లకూ మంచి చోటే ఉంది. సొసైటీ కుటుంబాల పిల్లలు, పెద్దలు ఇద్దరూ చదువుకోవడానికి పనికి వస్తుందని ఆ సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాము.

అసలు 'సీజను' అనే మాట ఎట్లా వచ్చింది? ఇంగ్లండులో మొదట క్లబ్బులు కప్పు పోటీలు, స్నేహపూర్వక ఆటలు మాత్రమే ఆడుకునేవి. ఏ ఆట ఎప్పుడు జరుగుతుందో, అసలు జరుగుతుందో లేదో తెలిసేది కాదు. జనం టిక్కెట్టు కొనాలంటే ఆట ఖాయంగా ఉండాలి గదా! అందుకని ఆస్టన్ విల్లా క్లబ్బుకు చెందిన విలియం మెక్‌గ్రెగర్ అనే ఆయన పూనుకోగా, 12 క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగు ఏర్పడింది. 1888 సెప్టెంబరు 8న తొలి ఆటలు జరిగాయి. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడడం, పాయింట్లు లెక్కపెట్టడం, నెలల తరబడి సాగడం అప్పటినుంచి వచ్చిన పద్ధతే. ఒక్కరోజు అదృష్టంతో కాక, ఏడాది పొడుగునా పడిన కష్టంతో విజేత తేలాలన్నది దీని మూలసూత్రం. ఆ సూత్రాన్ని మొదటి వారంలోనే మరిచిపోవడం అభిమానుల అలవాటు.

1992 ఆగస్టులో ఆ దేశంలో ప్రీమియర్ లీగు పేరుతో కొత్త ఏర్పాటు మొదలైంది. మాంచెస్టర్ యునైటెడ్ జట్టు తొలి ఆటలో షెఫీల్డ్ యునైటెడ్ చేతిలో 2-1 తేడాతో ఓడింది. రెండో ఆట సొంత మైదానంలోనే ఎవర్టన్‌తో ఆడి 3-0తో ఓడింది. మూడో ఆట ఇప్స్‌విచ్‌తో 1-1 డ్రా అయింది. మూడు ఆటలకు తొమ్మిది పాయింట్లు రావలసిన చోట వచ్చింది ఒక్కటంటే ఒక్కటి. ఆనాటి అభిమానులు ఎంత కుంగిపోయి ఉంటారో వేరే చెప్పనక్కరలేదు. కానీ మరుసటి ఏడు మే నెల వచ్చేసరికి 84 పాయింట్లతో విజేతగా నిలిచింది ఆ జట్టే. 26 ఏళ్ల తరువాత వాళ్లకు దక్కిన లీగు అది. 1995లోనూ ఇదే కథ. తొలిరోజు ఆస్టన్ విల్లాతో 3-1 తేడాతో ఓడిపోతే, ఇంత చిన్న పిల్లలతో ఏం గెలుస్తారని టెలివిజన్‌లో పేరున్న మాజీ ఆటగాడే పెదవి విరిచాడు. ఆ పిల్లలే ఆ సీజనులో లీగునూ, ఎఫ్.ఎ. కప్పునూ రెంటినీ గెలిచారు.

ఇక మన దేశానికి వద్దాము. కలకత్తా లీగులో చాలాకాలం బ్రిటిష్ పటాలాల జట్లదే రాజ్యం. 1891లో స్థాపించిన మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బు ఏళ్ల తరబడి కింది శ్రేణుల్లోనే ఆడింది. 1934లో మొదటిసారిగా ఫస్ట్ డివిజనుకు వచ్చింది. కొత్తగా వచ్చిన జట్టు ఆ శ్రేణిలో నిలబడితే అదే పదివేలు అని ఎవరైనా అనుకుంటారు. వాళ్లు మాత్రం అదే ఏడు లీగు గెలిచేశారు! ఆ లీగు గెలిచిన తొలి భారతీయ జట్టు అదే. అంతటితో ఆగలేదు, 1938 దాకా వరుసగా అయిదేళ్లు గెలిచారు. దీని వెనుక కారణాలు ఉన్నాయి. క్లబ్బు పెద్దలు ఒక్క బెంగాలుతో సరిపెట్టుకోక, బెంగుళూరు మొదలుకొని దూరప్రాంతాల నుంచి ఆటగాళ్లను పిలిపించుకున్నారు. ఆ రోజుల్లో మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడేవారు. వాన పడి మైదానం బురదైతే బూట్లు వేసుకున్న తెల్లవాళ్లదే పైచేయి అయ్యేది. మహమ్మడన్ జట్టు తడి మైదానంలో బూట్లతో ఆడడం అలవాటు చేసుకుంది. టిక్కెట్టు దొరకని జనం విలియం కోట కట్టల మీద నిలబడి ఆటలు చూసేవారంటే ఆ మైదానం మోజు ఏపాటిదో తెలుస్తుంది.

మన ఊళ్లకు బెంగుళూరు ఎంత దగ్గరో మనకు తెలియంది కాదు. కుప్పం స్టేషనులో రైలెక్కితే రెండు మూడు గంటల దారి. మదనపల్లె, పుంగనూరు వాళ్లకు బస్సే చాలు. ఆ బెంగుళూరులో బెంగుళూర్ ముస్లిమ్స్ అనే జట్టు ఉండేది. బొంబాయిలో 1891 నుంచి జరుగుతున్న రోవర్స్ కప్పును 1937లో ఈ జట్టు గెలిచింది. అంతకుముందు ఆ కప్పు సైనిక జట్ల చేతులు దాటి భారతీయ పౌర జట్టు చేతికి రాలేదు. ఫైనల్లో వాళ్లు ఓడించింది ఎవరినో కాదు, కలకత్తాను ఏలుతున్న మహమ్మడన్ స్పోర్టింగునే. 1938లో మళ్లీ గెలిచారు. 1940లో మహమ్మడన్ జట్టు రోవర్స్ కప్పుతో పాటు ఢిల్లీలో డ్యూరండ్ కప్పును కూడా, రాయల్ వార్విక్‌షైర్ పటాలాన్ని 2-1తో ఓడించి, గెలుచుకుంది. డ్యూరండ్ కప్పు గెలిచిన తొలి భారతీయ పౌర జట్టు అది.

తరువాత వంతు హైదరాబాదుది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. దాని వెనుక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టి, వృత్తికి ఉపాధ్యాయుడైన ఆయనను అందరూ రహీం సాహెబ్ అని పిలిచేవారు. 1950 నుంచి భారత జట్టును కూడా ఆయనే తీర్చిదిద్దారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ఆయన శిక్షణలోనివే. మెల్‌బోర్న్ తరువాత భారత ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో అంత దూరం పోనేలేదు.

తొలి వారం తీర్పు ఎంత తప్పో తెలియాలంటే 1962 జకార్తా ఆసియా క్రీడలను గుర్తు చేసుకోవాలి. మొదటి ఆటలోనే మనవాళ్లు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. ఇప్పటి రోజులైతే కోచ్‌ను ఆ రాత్రికే ఉతికి ఆరేసేవారు! రహీం సాహెబ్ ఒంట్లో అప్పటికే క్యాన్సర్ ఉంది. జట్టు చెదరలేదు. థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటుకుంటూ ఫైనల్‌కు వచ్చారు. అక్కడ ఎదురైంది మళ్లీ దక్షిణ కొరియానే. ఆ క్రీడలకు ఇజ్రాయిల్‌ను, తైవాన్‌ను రానివ్వకపోవడం మీద వచ్చిన రాజకీయ తగాదాలో మన దేశం మీద జకార్తా జనానికి కోపం ఉండింది. స్టేడియమంతా మనవాళ్లను ఎగతాళి చేస్తూ అరిచింది. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం సాహెబ్ రక్షణ వరుస నుంచి తీసి ముందు వరుసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. మరుసటి ఏడు, 1963 జూన్ 11న రహీం సాహెబ్ కన్నుమూశారు. 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ సినిమా ఆయన కథే.

ఇంకో ముచ్చట ఈ మధ్యదే. 2019లో పుణె జట్టు మూతపడితే ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగులోకి వచ్చింది. దాని మొట్టమొదటి ఆట అక్టోబరు 25న కలకత్తాలో జరిగింది. ఫలితం 5-0 ఓటమి. నాలుగు రోజులకే జంషెడ్‌పూర్‌తో మరో ఓటమి. అయినా నవంబరు 2న గచ్చిబౌలిలో సొంత జనం ముందు కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించింది. ఎనిమిది రోజుల్లోనే ఏడుపూ నవ్వూ రెండూ చూశారు అభిమానులు. ఆ సీజను చివరికి జట్టు అట్టడుగునే నిలిచింది. 'డెక్కన్ లెజియన్' అని పేరు పెట్టుకున్న అభిమానుల సంఘం మాత్రం జట్టును వదల్లేదు. 2021–22 సీజను కూడా చెన్నై జట్టు చేతిలో 1-0 ఓటమితోనే మొదలైంది. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్ పెనాల్టీల దాకా పోయింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపడంతో కప్పు హైదరాబాదుకు వచ్చింది.

కథ అక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. తరువాత క్లబ్బు డబ్బు ఇబ్బందుల్లో పడింది. 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. పుణె అభిమానుల దుఃఖం మీద మొదలైన జట్టు చివరికి హైదరాబాదు అభిమానులకు అదే దుఃఖం మిగిల్చింది. అదే ఏడు, సెప్టెంబరులో మొదలు కావలసిన ఆ లీగు సకాలంలో మొదలే కాలేదు. మొదటి ఆట ఓడిపోయామని బాధపడే అభిమాని ఒక విధంగా అదృష్టవంతుడే. అతనికి ఓడిపోవడానికైనా ఒక జట్టు ఉంది. మహమ్మడన్ స్పోర్టింగు సంగతి కూడా చూడండి. 1934లో పై శ్రేణికి వచ్చిన ఏడే గెలిచిన ఆ క్లబ్బు, సరిగ్గా 90 ఏళ్లకు 2024లో సూపర్ లీగుకు వచ్చి ఆ సీజనులో ఆఖరి స్థానంలో నిలిచింది. పేరు పాతదైనంత మాత్రాన గెలుపు రాదు. ఆటగాళ్ల శిక్షణ, డబ్బు, ఓపిక మూడూ కావాలి.

అభిమానం హద్దు దాటితే ఏమౌతుందో కూడా పిల్లలకు చెప్పాలి. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆట చూడబోయిన 16 మంది గొడవలోను, తొక్కిసలాటలోను చనిపోయారు. ఆటకు పోయిన బిడ్డ ఇంటికి రాకపోతే ఆ తల్లికి కప్పు ఎవరు గెలిస్తే ఏం? 2025 ఆగస్టు 15న ఇంగ్లండు సీజను తొలి ఆటలో, లివర్‌పూల్ మైదానంలో, ఒకే సాయంత్రం అభిమానుల మంచీ చెడూ రెండూ కనిపించాయి. జూలైలో కారు ప్రమాదంలో చనిపోయిన తమ ఆటగాడు డియోగో జోటా చొక్కా అంకె 20 కాబట్టి, ఇరవయ్యో నిమిషంలో జనమంతా అతన్ని తలుచుకుంటూ పాడారు. కాసేపటికే, ఎదుటి బోర్న్‌మత్ జట్టు ఆటగాడు సెమెన్యోను ఒక ప్రేక్షకుడు ఒంటి రంగు పేరుతో దూషించాడని ఆట ఆపవలసి వచ్చింది. సెమెన్యో నోటితో జవాబు చెప్పలేదు, రెండు గోల్స్ కొట్టాడు. చివరికి లివర్‌పూల్ 4-2తో గెలిచింది. ఆట అయినాక మన పిల్లలకు ఎంతో ఇష్టమైన మహమ్మద్ సలా స్నేహితుణ్ణి తలుచుకొని కన్నీళ్లు పెట్టుకున్నాడు.

ఈ సంగతులన్నీ రాయడం పిల్లలను ఆటలు చూడొద్దని చెప్పడానికి కాదు. చూడండి, గెలిస్తే ఎగరండి, ఓడితే నాలుగు మాటలు అనుకోండి, తప్పు లేదు. కానీ 38 ఆటల సీజనులో మొదటి ఆట అంటే 114 పాయింట్లలో మూడే. పరీక్ష మొదటి పేపరు పాడైతే చదువు మానేస్తామా? పంట మొదటి వాన తప్పితే చేను వదిలేస్తామా? ఎదుటి జట్టును అభిమానించేవాడు మన పక్కింటి పిల్లవాడే, వాణ్ణి తిట్టి రేపు పొద్దున మొహం చూడకుండా ఉండలేము గదా.

పెద్దలకు ఒక విన్నపం. మన పిల్లలకు లివర్‌పూల్, మాంచెస్టర్ ఆటగాళ్ల పేర్లు, చొక్కాల అంకెలు నోటికి వస్తాయి. రహీం సాహెబ్ ఎవరని అడిగితే తెల్లమొహం వేస్తారు. సికిందరాబాదు పక్కన అమ్ముగూడలో పుట్టి, పేదరికంలో పెరిగి, మెల్‌బోర్న్, జకార్తా రెండుచోట్లా ఆడిన తులసీదాస్ బలరాం పేరు వాళ్లు విని ఉండరు. 2023లో ఆయన కూడా పోయారు. ఒక్క జట్టులో యూసుఫ్ ఖాన్, బలరాం, తంగరాజ్, జర్నైల్ కలిసి ఆడి స్వర్ణం తెచ్చారన్న మాట ఇంట్లో పిల్లలకు ఎవరైనా చెప్పాలి. రాత్రి పన్నెండున్నర దాకా మేలుకొని ఫోనులో ఆట చూసే పిల్లవాడికి, సాయంత్రం అయిదు గంటలకు ఒక బంతి, ఆడుకోవడానికి ఇంత ఖాళీ నేల కూడా కావాలి. మన మూడు ఊళ్లలో స్కూలు మైదానాలు ఇంకా మిగిలి ఉన్నాయి. వచ్చే సీజను ఇంగ్లండులో మొదలయ్యే వారమే మన పిల్లల జట్లు కూడా అక్కడ ఒక ఆట మొదలుపెట్టేటట్టు సభ్యులందరూ ఆలోచించాలని కోరుతున్నాము.