సోయి తప్పిన రోగుల్లో నొప్పి

మెదడు బాగా దెబ్బతిని సోయి తప్పిన మనిషికి నొప్పి తెలుస్తుందా? ఈ ప్రశ్నకు వైద్యులిచ్చే జవాబు గత 50 ఏళ్లలో చాలా మారింది.

మొగుళ్లపల్లి వంటి ఊళ్లలో ఎవరైనా బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలితే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోతారు. ఏ ఆసుపత్రిలోనైనా అలాంటి రోగి పిలిచినా పలక్కపోతే నొప్పి పెట్టి పరీక్షిస్తారు. గోటి మీద పెన్ను ఒత్తి చూస్తారు. చెయ్యి వెనక్కి లాక్కుంటే ఇన్ని పాయింట్లు, ఉలుకూ పలుకూ లేకుంటే ఇన్ని. ఇది 1974లో టీస్‌డేల్, జెనెట్ తయారుచేసిన గ్లాస్గో కోమా స్కేలులో ఒక భాగం. అయితే చెయ్యి లాక్కున్నంత మాత్రాన బాధ తెలిసినట్టు కాదు. ఆ పని వెన్నుపామే చేసెయ్యగలదు.

కళ్లు తెరుస్తూ, నిద్రపోతూ, లేస్తూ ఉన్నా చుట్టూ ఏం జరుగుతోందో ఎరుక కనిపించని స్థితికి 1972లో జెనెట్, ప్లమ్ ‘వెజిటేటివ్ స్టేట్’ అని పేరు పెట్టారు. ఈ రోగులకు నొప్పి తెలియదని 1994లో అమెరికా వైద్య సంఘాల ఉమ్మడి బృందం తేల్చేసింది.

ఆ ధీమా నిలవలేదు. బెల్జియంలోని లియేజ్‌లో లారీస్ బృందం ఇలాంటి 15 మంది రోగుల మణికట్టు నరానికి కరెంటు తాకించి మెదడును స్కాన్ చేసింది. కబురు మెదడు పైపొరలోని మొదటి మజిలీ దాకా చేరింది గానీ, ముందుకు సాగలేదని 2002లో ప్రకటించింది. కాస్తంత ఎరుక మిగిలిన వేరే ఐదుగురు రోగుల్లో మాత్రం స్పందన దాదాపు ఆరోగ్యవంతుల్లోలాగే ఉందని 2008లో తేలింది. వీళ్లకు నొప్పి మందు ఇచ్చితీరాలి. చిక్కల్లా ఎవరు ఏ కోవకు చెందుతారో పోల్చుకోవడంలోనే ఉంది. వెజిటేటివ్ స్టేట్ అని వైద్యులు నిర్ధారించిన 44 మందిలో 18 మందికి నిజానికి కొంత ఎరుక ఉందని 2009 నాటి పరిశీలనలో బయటపడింది.

మన దేశంలో ఇలాంటి రోగుల గురించిన చర్చ అరుణా షాన్‌బాగ్ కేసుతో జనంలోకి వచ్చింది. ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సయిన ఆమె 1973లో దాడికి గురై, 2015లో మరణించేదాకా మంచం మీదే ఉంది. సుప్రీంకోర్టు పంపిన వైద్యులు వెళ్లినప్పుడు గదిలో జనం ఎక్కువైతే ఆమె గట్టిగా అరిచింది. అయినా ఆమెది చాలావరకు వెజిటేటివ్ స్టేటేనన్నారు. ఆహారం ఆపాలన్న పిటిషన్‌ను కోర్టు 2011 మార్చి 7న తోసిపుచ్చింది.

2010లో ష్నాకర్స్ బృందం ఇలాంటి రోగుల నొప్పిని కొలిచేందుకే ఒక స్కేలు తయారుచేసింది. 2012లో సవరించిన రూపంలో చూసేవి మూడే: కదలిక, గొంతు, ముఖం. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 9. స్కానర్ లేని వార్డులో కూడా నర్సు దీన్ని వాడవచ్చు. పుండుకు కట్టు మార్చేటప్పుడో, బిగుసుకున్న మోకాలు చాపేటప్పుడో ముఖం చిట్లి మూలుగు వినిపిస్తే స్కోరు పెరుగుతుంది. అప్పుడు నొప్పి మందిచ్చి, కాసేపాగి మళ్లీ లెక్కిస్తారు.