మీటర్‌కి మాటొచ్చిన కథ

ఈ ఎపిసోడ్ నా టేబుల్ మీదున్న ఈ పాత డబ్బా గురించి. హెచ్‌పీ 3478ఏ. బెంచ్ మల్టీమీటర్, 1980ల మొదట్లో వచ్చిన మోడల్. గాజువాక ఆటోనగర్‌లో ఒక స్క్రాప్ షాపు వాళ్ళు దీన్ని తూకం వేసి ఇచ్చారు. ఇంటికి తెచ్చి ప్లగ్ పెడితే డిస్‌ప్లే వెలిగింది. మా బాబాయి అప్పుడే టీ తాగుతూ చూసి, "ఏటిరా ఇది, ఇంకా బతికే ఉందేటి?" అన్నారు.

బాబాయి ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. నైట్ షిఫ్టులో పది నిమిషాలకోసారి మీటర్ చూసి లాగ్‌బుక్‌లో రాయడం ఆయన పనుల్లో ఒకటి. తెల్లవారుజామున మూడున్నరకి రాసిన అంకెల్లో సగం తన నిద్రే రాసిందని ఆయనే నవ్వుతూ చెప్తారు. మీటర్ తన రీడింగ్ తనే చెప్పుకుంటే ఈ బాధ ఉండదు కదా? అది ఎలా సాధ్యమైంది, మధ్యలో ఎక్కడ ఇరుక్కుంది అన్నదే ఈరోజు కథ.

మన వైజాగ్‌లో కొలతల చరిత్ర పాతదే. 1840లోనే గోడె వెంకట జగ్గారావు గారు ఇక్కడ సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టారు, ఇప్పటి డాబా గార్డెన్స్ దగ్గర. తర్వాత దాన్ని ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు నడిపారు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యుడి ముందు నుంచి దాటడాన్ని ఇక్కడి నుంచే చూసి, టైములు నోట్ చేశారు. ఆ రీడింగులు లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. నాకు ఆశ్చర్యం ఏంటంటే, వాటిని ఇవాళ కూడా ఎవరైనా చదవొచ్చు. 2004లో ఏదో కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో సేవ్ చేసిన లాగ్ ఫైలుని మాత్రం తెరవలేం. ఆ సాఫ్ట్‌వేరూ లేదు, అది నడిచే విండోసూ లేదు.

సరే, మీటర్ దగ్గరికి వద్దాం. ముల్లు తిరిగే మీటర్ పోయి అంకెలు చూపించే వోల్ట్‌మీటర్ రావడం 1950ల్లో, అమెరికాలో ఆండ్రూ కే అనే ఆయన చేతి మీదుగా. (తర్వాత కేప్రో కంప్యూటర్లు చేసింది కూడా ఈయనే, అది ఇంకో ఎపిసోడ్.) అంకెలైతే వచ్చాయి, కానీ వాటిని బయటికి పంపే పద్ధతి ఒక్కో కంపెనీది ఒక్కో రకం. 1960ల చివర్లో హెచ్‌పీ వాళ్ళు తమ పరికరాలన్నిటికీ ఒకటే కేబుల్ ఉండాలని ఒక బస్సు తయారుచేశారు. అదే హెచ్‌పీ-ఐబీ. 1975లో ఐఈఈఈ 488 అనే స్టాండర్డ్ అయింది. మనం జీపీఐబీ అంటాం.

దీని డిజైన్ నాకు చాలా ఇష్టం. 24 పిన్నుల కనెక్టర్, అందులో 8 తీగలు డేటాకి, 5 అజమాయిషీకి, 3 హ్యాండ్‌షేక్‌కి. ఆ మూడే అసలు తెలివి. మాట్లాడేవాడు "ఇదిగో అక్షరం" అంటాడు. వినేవాళ్ళు "రెడీ", "అందింది" అంటారు. వినేవాళ్ళలో అందరికన్నా నెమ్మదైనవాడు "అందింది" అనేదాకా రెండో అక్షరం కదలదు. ఒకే బస్సు మీద 15 పరికరాలు పెట్టినా ఎవరిదీ మిస్ కాదు. క్లాసులో చివరి బెంచీ వాడు రాసుకునేదాకా ఆగే మాస్టారన్నమాట. నాకైతే బీటెక్‌లో అలాంటివాళ్ళు ఒక్కరే దొరికారు.

కానీ తీగలు కలిస్తే మాటలు కలవవు కదా. నా 3478ఏకి డీసీ వోల్టేజ్ కావాలంటే "ఎఫ్ 1" అని పంపాలి. అదే కంపెనీ చేసిన 3457ఏకి "డీసీవీ" అనాలి. ఇంటి పేరు ఒకటే, యాస వేరు. మీటర్ మార్చిన ప్రతిసారీ ప్రోగ్రామ్ మళ్ళీ రాయాలి. 1987లో 488.2 అని కొన్ని ఉమ్మడి ఆదేశాలు వచ్చాయి. "స్టార్ ఐడీఎన్ క్వశ్చన్ మార్క్" అని పంపితే పరికరం తన కంపెనీ, మోడల్ పేరు చెప్పాలి. 1990లో హెచ్‌పీ, టెక్ట్రానిక్స్, మరికొన్ని కంపెనీలు కలిసి ఎస్‌సీపీఐ అనే భాష ఒప్పుకున్నాయి. "మెజర్ కోలన్ వోల్ట్ కోలన్ డీసీ క్వశ్చన్ మార్క్" అంటే ఏ కంపెనీ మీటరైనా వోల్టేజ్ చెప్పాలి.

ఈ తేదీలు గుర్తుంచుకోవడానికి నాకొక చిట్కా ఉంది. మన స్టీల్ ప్లాంట్‌కి ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసింది 1971 జనవరిలో, జాతికి అంకితమైంది 1992 ఆగస్టు 1న. గోదావరి అనే మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1990లో. అంటే మన ప్లాంట్ పునాది రాయి నుంచి ఉక్కు దాకా వచ్చిన ఇరవై ఏళ్ళలోనే మీటర్లకి కేబులూ భాషా రెండూ వచ్చాయి. మనవాళ్ళు ఈ రంగంలో లేరనుకోకండి. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టి నడిపించిన ఎ.ఎస్. రావు గారు పశ్చిమ గోదావరి జిల్లావారే.

ఇక ఇరుక్కున్న చోటు. భాష ఒకటైంది, వినే సాఫ్ట్‌వేర్ మాత్రం కంపెనీ గుప్పిట్లోనే ఉంది. 2010లో ఉవె హెర్మన్, బెర్ట్ వెర్మూలెన్ అనే ఇద్దరు ఎవరికి వాళ్ళు లాజిక్ అనలైజర్ల కోసం ఉచిత ప్రోగ్రాములు రాసుకుంటూ, ఒకరి సంగతి ఒకరికి తెలిసి రెండూ కలిపేశారు. అదే సిగ్‌రాక్. సోర్స్ కోడ్ అంతా బయటే. తర్వాత మల్టీమీటర్లు, పవర్ సప్లైలు చేరాయి. నా 3478ఏకి కూడా అందులో డ్రైవర్ ఉంది. కంపెనీ వదిలేసిన మీటర్ కోసం ఎవరో కూర్చుని రాశారు!

నేను అందులో వేలు పెట్టింది ఒక ఫ్రెండ్ వల్ల. ఫిషింగ్ హార్బర్ దగ్గర వాడికి చిన్న షాపుంది, బోట్ల బ్యాటరీలు, ఛార్జర్లు రిపేర్ చేస్తాడు. వాడి దగ్గరున్న చవక బెంచ్ మీటర్‌తో వచ్చిన సీడీ వాడి లాప్‌టాప్‌లో ఎక్కలేదు. సిగ్‌రాక్ ఆ మోడల్‌ని గుర్తుపట్టలేదు. నేను "స్టార్ ఐడీఎన్" అడిగాను. మీటర్ పేరు చెప్పింది! అంటే భాష వచ్చు, పరిచయం లేదంతే. సిగ్‌రాక్‌లో ఎస్‌సీపీఐ మీటర్ల డ్రైవర్ ఒకటుంది, అందులో ఒక టేబుల్ ఉంటుంది: కంపెనీ, మోడల్, ఎన్ని అంకెలు, ఏ కొలతకి ఏ ఆదేశం. మనం ఒక వరుస చేర్చాలి. గంట పని అనుకున్నా. రెండు వారాలు పట్టింది.

ఎందుకంటారా? ప్రోబ్ గాలిలో ఉండగా ఓమ్స్ అడిగితే గ్రాఫ్ మొత్తం నేలకి అతుక్కుపోయేది. చూస్తే మీటర్ పంపుతున్న విలువ 99 పక్కన 36 సున్నాలు. ఎస్‌సీపీఐలో దానర్థం అనంతం, అంటే రేంజ్ దాటిందని. నా కోడ్ దాన్ని నిజం రెసిస్టెన్స్ అనుకుని స్కేల్ అంతా దానికే ఇచ్చేసింది. తప్పు మీటర్‌ది కాదు, మాన్యువల్ చదవని నాది.

అది సరిచేశాక ఒక రాత్రి షాపులో ఒక బోటు బ్యాటరీకి లోడ్ పెట్టి లాగింగ్ ఆన్ చేసి వచ్చేశాం. పొద్దున్న లోడ్ తీసి చేతి మీటర్‌తో చూస్తే పన్నెండు వోల్టులు దాటి ఉంది. బాగానే ఉన్నట్టే. లాగ్ చూస్తే రెండున్నర ప్రాంతంలో లోడ్ మీద 10.5 కిందికి జారిపోయింది. ఒక సెల్ పోయింది. ఆ బ్యాటరీ మీదే రాత్రి సముద్రంలో లైట్లు, వైర్‌లెస్, జీపీఎస్ నడవాలి. బోటు ఆసామి ముందు నమ్మలేదు. గ్రాఫ్ చూసి, కాసేపు మాట్లాడకుండా నిలబడి, కొత్తది తెమ్మన్నాడు.

ఇప్పుడు ఈ పాత డబ్బా. దీని క్యాలిబ్రేషన్ అంకెలు ఒక చిన్న మెమరీలో ఉంటాయి, దాన్ని ఒక 3 వోల్టుల లిథియం బ్యాటరీ బతికిస్తుంది. బ్యాటరీ పోతే మీటర్ వెలుగుతుంది గానీ ఎంత చూపించాలో మర్చిపోతుంది. ఇలాంటిదే ఇంకోటి రెండేళ్ళ కింద నా దగ్గరుండేది. కొత్త బ్యాటరీ వేద్దామని తొందరపడి పాతది ఊడదీశా. అంతే, అంకెలన్నీ పోయాయి. బాబాయికి చెప్పడానికి నెల పట్టింది.

ఈసారి ముందు జీపీఐబీ కేబుల్ పెట్టి ఆ మెమరీ మొత్తం చదివించాను. 256 అక్షరాలు. ఫైల్ సేవ్ చేసి, పెన్ డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టి, బాబాయికి చూపించా. ఆయన కళ్ళజోడు పెట్టుకుని స్క్రీన్ చూశారు. "ఇది పోతేనో?" అన్నారు. లోపలికెళ్ళి ఖాళీ లాగ్‌బుక్ ఒకటి తెచ్చుకున్నారు. నేను ఒక్కో అక్షరం చదువుతుంటే గీతల మధ్య వరుసకి పదహారు చొప్పున పదహారు వరుసలు రాసి, చివర్న తేదీ వేసి సంతకం పెట్టారు. తర్వాతే నన్ను సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోనిచ్చారు.