దేవరగట్టు: పసుపు, పాలు, పిడికెడు రక్తం

దసరా వెళ్లిన మర్నాడు పేపరు తెరిస్తే మా కర్నూలు జిల్లా పేరు తప్పకుండా కనిపిస్తుంది. "దేవరగట్టులో కర్రల సమరం, పదుల సంఖ్యలో గాయాలు" అని. టీవీలో తలకు కట్టుతో కూర్చున్న మగవాళ్లను చూపిస్తారు. వేరే జిల్లాల్లో ఉన్న చుట్టాలు ఫోన్ చేసి, "మీ వైపు ఇంకా ఇలాంటివి జరుగుతున్నాయా?" అని అడుగుతారు. ఏం చెప్పాలి? జరగడం లేదని అబద్ధం చెప్పలేం. అలాగని ఆ కొండ మీద ఉన్నది వట్టి కొట్లాట కూడా కాదు. టీవీ వాళ్లు కర్రలు చూపిస్తారు గానీ ఆ కొండ కథ చెప్పరు. ఆ కథలోనే ఈ గొడవకు జవాబు కూడా ఉందని నాకు అనిపిస్తుంది. అందుకే ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

ముందు పేరు సంగతి. కోస్తా వాళ్లకు గట్టు అంటే చెరువు గట్టు, పొలం గట్టు. మా సీమలో గట్టు అంటే కొండ. దేవర అంటే దేవుడు. ఊళ్లో అమ్మవారికి జాతర చేసినా "దేవర చేస్తున్నాం" అనే అంటారు. అంటే దేవరగట్టు అచ్చంగా దేవుడి కొండ. కర్నూలు జిల్లా పడమటి అంచున, హొళగుంద మండలంలో నెరణికి ఊరి దగ్గర ఉంది. అక్కణ్ణుంచి కర్ణాటక ఎంతో దూరం లేదు. అక్కడి జనం తెలుగు ఎంత సులువుగా మాట్లాడతారో కన్నడం కూడా అంతే సులువుగా మాట్లాడతారు. కొండ మీద కొలువైన స్వామి మాళ మల్లేశ్వరుడు. అమ్మవారు మాళమ్మ.

కథ ఇది. పూర్వం ఈ కొండల్లో మునులు తపస్సు చేసుకుంటుంటే మణి, మల్లాసురుడు అనే ఇద్దరు రాక్షసులు వాళ్లను పీడించేవారట. మునులు శివపార్వతులకు మొర పెట్టుకున్నారు. శివుడు భైరవుడి రూపంలో వచ్చి రాక్షసులతో యుద్ధం చేశాడు. చనిపోయే ముందు వాళ్లు ఒక కోరిక కోరారు. ఏటా తమకు మనిషి రక్తం కావాలని అడిగారు. స్వామి ఏమన్నాడో చూడండి. కాదని తరిమెయ్యలేదు, అలాగని అడిగినంతా ఇవ్వలేదు. ఏడాదికి ఒకసారి, ఒక్క భక్తుడు, పిడికెడు రక్తం ఇస్తాడని చెప్పాడు. ఇప్పటికీ దసరా రాత్రి రక్షపడ అనే చోట ఒక వంశానికి చెందిన భక్తుడు తన తొడ నుంచి కొద్దిగా రక్తం తీసి అర్పిస్తాడు. ఆ "పిడికెడు" అన్న మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తాం.

ఈ కథ మా కొండ ఒక్కదానిదే అనుకుంటే పొరపాటే. మణి, మల్లుడు అన్న రాక్షసుల పేర్లు పట్టుకుని పోతే మహారాష్ట్ర దాకా పోవచ్చు. పుణె జిల్లా జెజూరిలో ఖండోబా ఉన్నాడు. ఆయన సంహరించింది కూడా మణి, మల్లులనే. కర్ణాటకలో హూవిన హడగలి దగ్గర మైలారలింగేశ్వరుడు, మన తెలుగులో తెలంగాణ కొమురవెల్లి మల్లన్న, ఐనవోలు మల్లన్న, అందరూ ఈ కుటుంబం వాళ్లే. గొర్రెల కాపరులు, రైతులు, సంత వ్యాపారులు తమతో పాటు ఈ దేవుణ్ణి కూడా దక్కను అంతా తిప్పారు. ఓరుగల్లు వీధులను వర్ణించే "క్రీడాభిరామము"లో మైలారుదేవుడి వీరభటులు కనిపిస్తారు. నిప్పుల గుండాల్లోకి దిగేవాళ్లు, ఒంటికి శూలాలు గుచ్చుకునేవాళ్లు. డిగ్రీలో దాన్ని పాఠంగా చదివినప్పుడు ఎక్కడో పాతకాలపు వింత అనుకున్నాం. మన జిల్లాలోనే ఆ వీరభటుల వారసులు ఉన్నారని ఏ మాస్టారూ చెప్పలేదు.

ఆడవాళ్లకు నచ్చే విషయం ఇంకొకటి ఉంది. ఈ దేవుడికి చాలా చోట్ల ఇద్దరు భార్యలు, ఇద్దరూ వేర్వేరు కులాల ఆడపడుచులు. కొమురవెల్లిలో బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. జెజూరిలో వాణిగుల ఇంటి మ్హాళసా, ధనగర్ గొర్రెల కాపరుల ఇంటి బాణాయి. సవతుల గొడవల పాటలు కూడా ఉన్నాయి. అంటే ఒకే ఇంట్లో రెండు కులాలను కూర్చోబెట్టిన దేవుడన్నమాట. అందుకే కాబోలు ఆయన్ను అందరూ తమవాడే అనుకుంటారు. దేవరగట్టులో కూడా కురుబలు, బోయలు, లింగాయతులు, తండాల్లోని లంబాడీలు, అందరూ మొక్కుతారు.

ఇక పసుపు. ఈ స్వామికి బంగారం కంటే పసుపంటే ఇష్టం. జెజూరిలో భక్తులు పసుపు ఎగరేస్తే మెట్లు, గోడలు, మనుషులు అన్నీ పచ్చగా అయిపోతాయి. కొమురవెల్లిలో ఆ పసుపును బండారి అంటారు. మా వైపు దేవరగట్టులో కూడా నుదుట పెట్టేది బండారే. గొరవయ్యలను మీలో కొందరు చూసే ఉంటారు. నల్ల కంబళి, తలమీద ఎలుగుబంటి తోలు టోపీ, చేతిలో డమరుకం, భుజాన పసుపు సంచి. మైలారలింగడి భక్తులు వాళ్లు. ఇంటి ముందుకొచ్చి డమరుకం వాయిస్తే చేటలో జొన్నలు పోసి, వాళ్ల చేత పిల్లల నుదుట పసుపు పెట్టించుకునేవారు మన పెద్దవాళ్లు. మన వంటింటి పోపుల పెట్టెలో ఉండే పసుపే అక్కడ దేవుడి ప్రసాదం.

పసుపు తర్వాత పాలు. ఉత్సవం మొదలయ్యే ముందు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట, ఈ మూడు ఊళ్ల వాళ్లూ కలిసి పాలబాస చేస్తారు. పాల మీద చెయ్యి పెట్టి, మా మధ్య ఏ కక్షలూ లేవు, ఉత్సవం అయ్యేదాకా ఒక్క మాట మీద ఉంటాం అని ప్రమాణం. కంకణం కట్టుకున్నాక మాంసం, మద్యం ముట్టకుండా నిష్ఠగా ఉంటారు. మగవాళ్ల దీక్షలంటే ఇంట్లో ఎవరికి పనో మనకు తెలుసు కదా. గిన్నెలు విడిగా తోమాలి, వంట విడిగా చెయ్యాలి, మైల తగలకుండా చూసుకోవాలి. ఆ లెక్కన దీక్షలో సగం ఆ ఇంటి ఇల్లాలిదే.

దసరా రోజు అర్ధరాత్రి కొండ మీద గుడిలో స్వామికి, అమ్మవారికి కల్యాణం జరుగుతుంది. తర్వాత ఉత్సవ విగ్రహాలను కిందికి దించుతారు. దివిటీల వెలుగులో పాదాలగట్టు, రక్షపడ, జమ్మిచెట్టు, ఎదురుబసవన్న గుడి మీదుగా ఊరేగింపు సాగుతుంది. గొడవ ఇక్కడే. విగ్రహాలను కాపాడుకునే బాధ్యత ఆ మూడు ఊళ్లది. అరికెర, ఎల్లార్తి లాంటి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు స్వామిని తమ వైపు తీసుకుపోవాలని వస్తారు. స్వామి ఎవరి వెంట ఉంటే ఆ ఊరికి వానలు, పంటలు అని నమ్మకం. ఇనుప రింగులు తొడిగిన కర్రలు లేస్తాయి, దివిటీలు ఎగురుతాయి. ఇది దేవతలకు, రాక్షసులకు జరిగిన యుద్ధానికి గుర్తని కొందరంటారు. పూర్వం అడవిలో రాత్రిపూట జంతువుల భయానికి కర్రలు, దివిటీలు పట్టుకెళ్లేవాళ్లు, అదే ఇలా మారిందని ఇంకొందరంటారు.

దీన్ని పేపర్ల వాళ్లు కర్రల సమరం అంటారు గానీ అసలు పేరు బన్ని ఉత్సవం. బన్ని అంటే కన్నడంలో జమ్మి. దసరా నాడు జమ్మి ఆకు పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతాం. ఏడాదంతా మాటల్లేని వాళ్లు కూడా ఆ రోజు జమ్మి ఇచ్చిపుచ్చుకుని కావలించుకుంటారు. కక్షలు మరిచిపోవడానికి పెట్టిన ఆకు పేరు మీద తలలు పగలడం ఏమిటా అని ఆ పేరు అర్థం తెలిసినప్పట్నుంచి నాకు మనసులో తొలుస్తూనే ఉంది.

తెల్లవారుజామున బసవన్న గుడి దగ్గర భవిష్యవాణి చెబుతారు. కార్ణికం అంటారు దాన్ని. ఈ ఏడు వానలెలా ఉంటాయి, పత్తి ధర ఎంత, జొన్న ధర ఎంత అని. రాత్రంతా జరిగినదానికి అసలు ఫలితం ఆ నాలుగు మాటలే. కర్ణాటక మైలారలో కూడా మాఘ పౌర్ణమి జాతరలో గొరవయ్య ఎత్తైన విల్లు ఎక్కి ఒక్క వాక్యం చెప్పి కిందికి దూకుతాడు. దాని అర్థం కోసం జనం చెవులు కోసుకుంటారు. కరువు సీమలో దేవుణ్ణి ఎవరైనా మొదట అడిగేది వాన గురించే. ఆలూరు, ఆదోని వైపు వర్షం మోసం చేస్తే పల్లెలకు పల్లెలు సుగ్గికి పోతాయి. ఇళ్లకు తాళాలేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తి తీతకు వెళ్తారు. ముసలివాళ్లే ఊళ్లో మిగులుతారు.

పండగ రాత్రి కర్ర తగిలి ఒకాయన చెయ్యి విరిగిందనుకోండి. పేపర్లో ఆయన ఒక అంకె. ఇంట్లో మాత్రం ఆ ఏడాది సుగ్గికి రెండు చేతులు తక్కువ. ఆ కూలి కూడా భార్యే చెయ్యాలి, లేకపోతే బడి మాన్పించి పెద్ద పిల్లను తీసుకెళ్లాలి. అక్కడ కర్ర పట్టేది మగవాళ్లే, రాత్రంతా ఇంట్లో మేలుకుని ఉండేది, తెల్లారి దెబ్బలకు పసుపు అద్దేది ఆడవాళ్లు. దెబ్బ తగిలిన చాలామంది అక్కడే బండారు పూసుకుని ఇంటికి పోతారని ప్రతి ఏడూ వింటాం. ప్రభుత్వం అక్కడ వైద్య శిబిరం పెడుతుంది కూడా. పసుపు మంచిదే, ఎవరు కాదన్నారు? కూరగాయలు తరుగుతూ వేలు తెగితే మనమూ పసుపే అద్దుకుంటాం. కానీ తల పగిలిన గాయానికి కుట్లు కావాలి, ఇనుము తగిలితే టీటీ ఇంజక్షన్ కావాలి. స్వామి పసుపు మీద నమ్మకం ఉంచుకుంటూనే ఆ శిబిరానికి పోవచ్చు, ఏ దేవుడూ వద్దనడు.

పోలీసులు ప్రతి ఏడూ ముందుగా ఊళ్లకు వచ్చి సభలు పెడతారు, కర్రలు స్వాధీనం చేసుకుంటారు, కెమెరాలు పెడతారు. 2020లో కరోనా ఆంక్షలున్నా జనం ఆగలేదు. 2023లో చూడ్డానికి చెట్టెక్కితే కొమ్మ విరిగి ప్రాణం పోయింది. అంటే బయటివాళ్లు ఆపితే ఆగేది కాదు ఇది. "మా ఆచారం మీకేం తెలుసు" అంటారు. సరే, అయితే ఆచారం వైపు నుంచే మాట్లాడదాం.

ఇందాక గుర్తు పెట్టుకోమన్నాను కదా, పిడికెడు రక్తం. రాక్షసుడు రక్తం అడిగితే దేవుడు దానికి హద్దు పెట్టాడు. ఒక్కరు, ఒక్కసారి, ఒక్క పిడికెడు. ఆ హద్దు దాటి కారే ప్రతి బొట్టూ ఎవరి కోసం? స్వామి అడగలేదు కదా! జెజూరి కథలో ఇది ఇంకా స్పష్టంగా ఉంది. అక్కడ మణి బుద్ధి తెచ్చుకుని, మనుషులు బాగుండాలని, తనకు మేక నైవేద్యం చాలని కోరితే గుడిలో చోటు దొరికింది. మల్లుడు మనిషి మాంసమే కావాలన్నాడు. వాడి తల నరికి గుడి మెట్ల కింద పెట్టారు, భక్తులు దాన్ని తొక్కుకుంటూ ఎక్కుతారు. మనిషి నెత్తురు కోరేది రాక్షసుడి పక్షం. తగ్గించేది దేవుడి పక్షం.

తగ్గించడం మన సంప్రదాయానికి కొత్త కాదు. ఒకప్పుడు పల్లెల్లో సిడి అని ఉండేది. వీపుకు కొక్కేలు గుచ్చుకుని మాను మీద మనిషి వేలాడేవాడు. తర్వాత చాలా చోట్ల మనిషికి బదులు మేకనో, బొమ్మనో కట్టారు. జాతరలు ఆగలేదు, అమ్మవార్లు అలగలేదు. అంత దూరం ఎందుకు, గృహప్రవేశం నాడు, ఆయుధపూజ నాడు గుమ్మడికాయలో కుంకుమ వేసి పగలగొడతాం. ఆ ఎరుపు దేనికి గుర్తో మనకు తెలుసు. ఎవరో ఒక పెద్దావిడో, పెద్దాయనో ఎప్పుడో ప్రాణం బదులు గుమ్మడికాయ చాలన్నారు. ఇవాళ ప్రతి ఇంటి గుమ్మంలోనూ అదే శాస్త్రం.

దేవరగట్టులో కల్యాణం ఉండాలి, దివిటీలు ఉండాలి, డమరుకం మోగాలి, పిడికెడు రక్తం మొక్కు కూడా వాళ్ల నమ్మకం, ఉండనీ. పాలబాస మాత్రం మూడు ఊళ్లకే ఎందుకు ఆగాలి? అరికెర, ఎల్లార్తి వాళ్లు కూడా అదే పాల మీద చెయ్యి పెడితే స్వామి అన్ని ఊళ్లకూ వస్తాడు కదా. కక్షలు లేవని చేసే ప్రమాణం కక్ష ఉండే చోటే కదా చెయ్యాల్సింది. ఆ మాట పోలీసు మీటింగులో కంటే కంకణం కట్టే రోజు ఇంట్లో వినిపిస్తేనే పనిచేస్తుంది. నిష్ఠ గిన్నె తోమే ఇల్లాలికి ఆ పాలు మా పాలే అని అడిగే హక్కు లేదంటారా?

మీ ఊళ్లో కూడా ఇలా మెల్లగా మారిన జాతర ఏదైనా ఉంటే మీ అమ్మనో అత్తనో అడిగి కనుక్కోండి. ఎవరు మొదట "ఇంతటితో చాలు" అన్నారో వాళ్లకు తెలిసి ఉండొచ్చు.