‘బంజరు’ అన్న మాట వెనుక: స్కాట్లండ్ ఫ్లో కంట్రీ పీట్ నేలల చరిత్ర

ఒక నేలను ‘బంజరు’ అని నమోదు చేయడం కేవలం వర్ణన కాదు. ఆ నేలపై తరువాత జరగబోయే పనికి అది ముందస్తు అనుమతి. మన రెవెన్యూ దస్త్రాలు చదివినవారికి ఇది కొత్త విషయం కాదు. ఉత్తర స్కాట్లండ్‌లోని కేత్‌నెస్, సదర్లండ్ ప్రాంతాలలో సుమారు 4,000 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ఫ్లో కంట్రీ ఊబినేలల విషయంలోనూ ఇదే జరిగింది.

గాలి అందని ఆమ్లజలంలో స్ఫాగ్నమ్ నాచు పూర్తిగా కుళ్ళదు. పొరలు పొరలుగా పేరుకొని పీట్‌గా మారుతుంది. ఏడాదికి పెరిగేది దాదాపు 1 మిల్లీమీటరు. అంటే మీటరు లోతున దొరికేది సుమారు వెయ్యేళ్ళనాటి వృక్షశేషం. కొన్నిచోట్ల ఆ లోతు 10 మీటర్ల వరకు ఉంటుంది. పుప్పొడి రేణువులు సైతం చెడకుండా నిలిచే ఈ నేల తాళపత్ర భాండాగారం వంటిది. నీరు తీసివేస్తే చాలు, గాలి సోకి పీట్ క్షీణించి, అందులోని కర్బనం వాతావరణంలో కలుస్తుంది.

1980వ దశకంలో జరిగింది అదే. అడవులు పెంచేవారికి లభించిన పన్ను రాయితీలు ఎక్కడో ఉన్న సంపన్నులకు ఈ ఊబిని లాభసాటి పెట్టుబడిగా మార్చాయి. యంత్రనాగళ్ళతో లోతైన చాళ్ళు తీసి, నీటిని మళ్ళించి, సిట్కా స్ప్రూస్, లాడ్జ్‌పోల్ పైన్ మొక్కలు నాటారు. నేలపై గూళ్ళు కట్టే పక్షులు చోటు కోల్పోయాయి. 1987లో ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ మండలి అభ్యంతరం తెలిపినప్పుడు, తమ ఉపాధికి ఇది అడ్డని స్థానికులలో పలువురు ఆగ్రహించారు. ఆ ఆగ్రహాన్ని అజ్ఞానమని కొట్టివేయడం న్యాయం కాదు. చివరకు 1988 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి నైజల్ లాసన్ ఆ రాయితీలను రద్దు చేశాడు. సంరక్షణవాదుల ఉద్యమం భూమికను సిద్ధం చేసినా, నాగలిని నిలిపినది ప్రధానంగా పన్ను చట్టమేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1995లో పక్షిసంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ ఫోర్సినార్డ్ ఎస్టేటును కొన్నది. అక్కడి పునరుద్ధరణలో ప్రధానమైన పని చెట్లు నరకడం! చెట్టును నాటడమే పర్యావరణ ధర్మమని పాఠ్యపుస్తకాలలో చదువుకొన్న మనకు ఇది మింగుడుపడదు. నరికిన తరువాత కాలువలకు, చాళ్ళకు అడ్డుకట్టలు వేస్తారు. నీటిమట్టం పెరిగి నాచు తిరిగి వస్తుంది. అయితే నాగలి లేపిన గట్లు ఏళ్ళ తరబడి పొడిగానే మిగిలిపోతాయి.

2024 జూలైలో న్యూఢిల్లీలో సమావేశమైన ప్రపంచ వారసత్వ సమితి ఫ్లో కంట్రీని జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు పొందిన విస్తీర్ణం సుమారు 1,900 చదరపు కిలోమీటర్లు. మొత్తంలో సగం కూడా కాదు.