కుక్కల సినిమాలు - పెంపకంపై వాటి ప్రభావం

కుక్క ప్రధాన పాత్రగా గల చలనచిత్రం విజయవంతమైన తరువాత, అందులో కనిపించిన జాతి కుక్కను పెంచుకోవాలనే కోరిక ప్రజలలో పెరగడం అనేక దేశాలలో గమనించబడింది. దీనికి సంబంధించిన సమాచారం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అధికంగా లభిస్తుంది. 1884లో స్థాపించబడిన అమెరికన్ కెన్నెల్ క్లబ్ జాతి కుక్కల వివరాలను నమోదు చేస్తూ ఉండడం ఇందుకు కారణం. సినిమా వలన కలిగే ఆసక్తి సాధారణంగా కుక్కల పెంపకం అనే బాధ్యతపై కాక, తెరపై కనిపించిన జాతి రూపంపై ఏర్పడుతుంది. ఆ జాతి స్వభావం, ఆరోగ్యం, వ్యాయామ అవసరాలు తెలుసుకోకుండా తెచ్చుకున్న కుక్కలలో కొన్ని తరువాత యజమానుల చేత విడిచిపెట్టబడతాయి. అందువలన ఈ అంశం జంతు సంక్షేమ కార్యకర్తల, సామాజిక శాస్త్రవేత్తల దృష్టిని ఆకర్షించింది.

చరిత్ర

మూకీ చిత్రాల కాలంలోనే కుక్కలు తారలుగా వెలుగొందాయి. 1921లో విడుదలైన "ది సైలెంట్ కాల్" చిత్రంలో స్ట్రాంగ్‌హార్ట్ అనే జర్మన్ షెపర్డ్ నటించింది. మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో, 1918లో, ఫ్రాన్స్‌లోని యుద్ధభూమిలో లీ డంకన్ అనే అమెరికా సైనికునికి దొరికిన కుక్కపిల్ల రిన్ టిన్ టిన్ పేరుతో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. 1923 నాటి "వేర్ ద నార్త్ బిగిన్స్" చిత్రం దానికి పేరు తెచ్చింది. అది 1932లో మరణించింది. జర్మన్ షెపర్డ్ జాతి అమెరికాలో విశేష ఆదరణ పొందినది కూడా 1920వ దశకంలోనే.

ఎరిక్ నైట్ 1940లో ప్రచురించిన నవల ఆధారంగా 1943లో "లాసీ కమ్ హోమ్" చిత్రం వచ్చింది. ఇందులో లాసీ ఆడ కుక్క కాగా, ఆ పాత్రను పోషించిన పాల్ మగ కుక్క. ఈ చిత్రం విడుదలైన తరువాతి రెండేళ్ళలో కోలీ జాతి నమోదులు సుమారు 40 శాతం పెరిగాయి. 1954లో మొదలై దాదాపు రెండు దశాబ్దాలు నడిచిన లాసీ టెలివిజన్ ధారావాహిక ఆ జాతిని ఇంటింటికీ పరిచయం చేసింది.

1959లో డిస్నీ సంస్థ నిర్మించిన "ది షాగీ డాగ్" తరువాతి కాలంలో ఓల్డ్ ఇంగ్లీష్ షీప్‌డాగ్ నమోదులు సుమారు 100 రెట్లు పెరిగాయి. అంతకు ముందు ఆ జాతి అమెరికాలో అరుదుగా ఉండేది. అరుదైన జాతి విషయంలో కొద్దిపాటి ఆసక్తి కూడా పెద్ద నిష్పత్తిగా కనిపిస్తుందనే విషయం ఇక్కడ గమనించాలి.

డాల్మేషియన్ ఉదాహరణ

ఈ అంశంపై తరచుగా ఉదహరించబడే జాతి డాల్మేషియన్. డోడీ స్మిత్ 1956లో వ్రాసిన నవల ఆధారంగా డిస్నీ 1961లో "వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్" అనే యానిమేషన్ చిత్రాన్ని నిర్మించింది. ఈ చిత్రం 1985లోను, 1991లోను మళ్ళీ థియేటర్లలో విడుదలైంది. ఆ మధ్య కాలంలో అమెరికాలో డాల్మేషియన్ నమోదులు వేగంగా పెరిగి, 1993లో ఒక్క సంవత్సరంలోనే 42,000 దాటాయి. ఆ తరువాత అంతే వేగంగా పడిపోయాయి.

1996 నవంబరులో నిజమైన కుక్కలతో తీసిన చిత్రం విడుదలయ్యే నాటికి పెంపకందారుల సంఘాలు, జంతు సంక్షేమ సంస్థలు ప్రజలను ముందుగా హెచ్చరించాయి. డాల్మేషియన్లు పూర్వం గుర్రపు బండ్ల వెంట చాలా దూరం పరుగెత్తడానికి ఉపయోగించబడినవి. వాటికి ప్రతిరోజూ ఎక్కువ వ్యాయామం అవసరం. ఈ జాతిలో పుట్టుకతో వచ్చే చెవుడు, మూత్రంలో రాళ్ళు ఇతర జాతులలో కంటే ఎక్కువ. పండుగ బహుమతిగా ఇళ్ళకు చేరిన పిల్లలు పెరిగి పెద్దవైన తరువాత వాటిని అదుపు చేయలేక అనేక కుటుంబాలు శరణాలయాలకు అప్పగించాయని 1997లో అమెరికా పత్రికలు వ్రాశాయి. అయితే నమోదులు 1993 తరువాతే తగ్గడం మొదలైనందున, ఆ జాతి ఉత్థాన పతనాలకు 1996 చిత్రమే కారణమని చెప్పడం సరికాదు.

పరిశోధన

ఈ అంశంపై సమగ్రమైన పరిశోధనను స్టెఫానో గిర్లాండా, ఆల్బర్టో అసెర్బి, హెరాల్డ్ హెర్జోగ్ 2014లో ప్రచురించారు. వారు 1927 నుండి 2004 వరకు విడుదలైన 87 చిత్రాలను, అమెరికన్ కెన్నెల్ క్లబ్‌లోని 6.5 కోట్లకు పైగా నమోదులను పరిశీలించారు. వారి ముఖ్య నిర్ణయాలు ఇవి:

* చిత్రం విడుదల తరువాత ఆ జాతి ఆదరణలో వచ్చే పెరుగుదల 10 సంవత్సరాల వరకు కొనసాగవచ్చు.
* అత్యధిక ప్రభావం చూపిన 10 చిత్రాల తరువాతి పదేళ్ళలో, అంచనాకు మించి 8 లక్షలకు పైగా కుక్కలు అదనంగా నమోదయ్యాయి.
* మొదటి వారాంతంలో చిత్రాన్ని చూసినవారి సంఖ్య ఎక్కువైన కొద్దీ ప్రభావం ఎక్కువగా ఉంది.
* ఈ ప్రభావం ఇరవయ్యవ శతాబ్దపు తొలి భాగంలో బలంగా ఉండి, క్రమంగా తగ్గింది. కుక్కల సినిమాల సంఖ్య పెరగడం, టెలివిజన్ వంటి ఇతర మాధ్యమాలు రావడం ఇందుకు కారణాలు కావచ్చు.

నిర్మాతలు అప్పటికే ఆదరణ పెరుగుతున్న జాతిని ఎన్నుకోవడం కూడా సాధ్యమే. ఆ సందర్భంలో కారణం ఏది, ఫలితం ఏది అన్న ప్రశ్న వస్తుంది. అందుచేత పరిశోధకులు కేవలం సంఖ్యలను కాక, విడుదలకు ముందు, తరువాత పెరుగుదల వేగంలో వచ్చిన మార్పును పోల్చారు. నమోదు కాని కుక్కలు, సంకర జాతులు ఈ లెక్కలోకి రావని గుర్తుంచుకోవాలి.

ప్రభావానికి కారణాలు

తెరపై కనిపించే కుక్క శిక్షణ పొందిన జంతువు. కెమెరా పక్కన నిలబడిన శిక్షకుని సైగలకు అది స్పందిస్తుంది. ఒకే పాత్రకు పలు కుక్కలను వాడడం కూడా సాధారణం. కుక్కపిల్లలు వారాల వ్యవధిలోనే ఎదిగిపోతాయి కాబట్టి పిల్ల పాత్రకు ఎక్కువ సంఖ్యలో కుక్కలు అవసరమవుతాయి. "మార్లీ అండ్ మీ" (2008) చిత్రంలో ఒకే లాబ్రడార్ పాత్రకు 22 కుక్కలను ఉపయోగించారు. ప్రేక్షకునికి మాత్రం ఇవన్నీ కలిసి, పుట్టుకతోనే తెలివి, విశ్వాసం గల ఒకే కుక్కగా కనిపిస్తాయి. నెలల తరబడి చేసిన శిక్షణ, రోజువారీ శుభ్రత, టీకాలు, వైద్య ఖర్చులు కథలో చోటు చేసుకోవు. పిల్లలు సినిమా చూసి కుక్కను కోరతారు. పదేళ్ళకు పైగా దానిని పోషించే భారం మాత్రం పెద్దలది.

సినిమా ఒక జాతి పట్ల భయాన్ని కూడా పెంచగలదు. "ది ఓమెన్" (1976) చిత్రంలో రాట్‌వైలర్ కీడుకు సంకేతంగాను, "కూజో" (1983) చిత్రంలో సాధు స్వభావానికి పేరు పొందిన సెయింట్ బెర్నార్డ్ రేబిస్ సోకిన భయంకర జంతువుగాను చూపబడ్డాయి. అదే సెయింట్ బెర్నార్డ్ 1992లో వచ్చిన "బీథోవెన్" చిత్రంలో అల్లరి చేసే ఇంటి కుక్కగా పిల్లలను ఆకట్టుకుంది.

భారతదేశంలో

హిందీలో జాకీ ష్రాఫ్ నటించిన "తేరీ మెహర్బానియా" (1985) యజమాని మరణానికి ప్రతీకారం తీర్చుకునే కుక్క కథ. "ప్రేమాలయం" పేరుతో తెలుగులోకి అనువదించబడిన "హమ్ ఆప్కే హై కౌన్" (1994) చిత్రంలో టఫీ అనే తెల్లని కుక్క కథను మలుపు తిప్పుతుంది. తెలుగులో రాజేంద్రప్రసాద్ ప్రధాన పాత్రధారిగా "టామీ" చిత్రం 2015లో వచ్చింది.

సినిమా కాకపోయినా, 2003లో హచ్ టెలిఫోన్ సంస్థ ప్రసారం చేసిన ప్రకటన చిత్రం ఇక్కడ ప్రస్తావించదగినది. బాలుని వెంట నడిచే పగ్ కుక్క దేశమంతటా పరిచయమైంది. తెలుగు నాట కూడా ఆ జాతిని చాలామంది "హచ్ కుక్క" అనే పిలిచారు. పగ్ ముఖం నొక్కుకుపోయినట్లు ఉండడం వలన దానికి శ్వాస తీసుకోవడం కష్టం. కుక్కలు ప్రధానంగా వగర్చడం ద్వారా శరీర వేడిని తగ్గించుకుంటాయి కాబట్టి, మన వేసవిలో ఈ జాతికి వడదెబ్బ ప్రమాదం ఎక్కువ. మంచు ప్రాంతాలకు చెందిన సైబీరియన్ హస్కీ కూడా ఎండలకు తట్టుకోలేదు. "గేమ్ ఆఫ్ థ్రోన్స్" ధారావాహిక అభిమానులు హస్కీలను కొని విడిచిపెట్టడం చూసి, అందులో నటించిన పీటర్ డింక్లేజ్ 2017లో శరణాలయాల నుండి కుక్కలను దత్తత తీసుకోవలసిందిగా విజ్ఞప్తి చేశాడు.

2022లో కన్నడంతో పాటు తెలుగులోనూ విడుదలైన "777 చార్లీ" చిత్రం ఈ విషయాన్ని మరొక వైపు నుండి చూపింది. లాభం కోసం దగ్గరి రక్తసంబంధం గల కుక్కలను జతకట్టించడం వలన చార్లీ అనే లాబ్రడార్ ప్రాణాంతక వ్యాధికి గురవుతుంది. పిల్లలు వీధికుక్క కోసం పోరాడే "చిల్లర్ పార్టీ" (2011) కూడా జాతి గొప్పతనానికి ప్రాధాన్యమివ్వని చిత్రం. కొల్లేరు ప్రాంతంలో బాతుల మందలను కాయడానికి ఉపయోగపడిన జోనంగి వంటి స్థానిక జాతులకు మాత్రం విదేశీ జాతులకు లభించినంత తెర గుర్తింపు లభించలేదు.

నియమాలు, జాగ్రత్తలు

భారత ప్రభుత్వం 2016లో వ్యాపార నిమిత్తం సంతానోత్పత్తికై విదేశీ కుక్కల దిగుమతిని నిషేధించింది. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో రూపొందించిన నియమాల ప్రకారం 8 వారాల లోపు వయసు గల పిల్లలను విక్రయించరాదు. తల్లి నుండి త్వరగా వేరుచేసిన పిల్లలు వ్యాధులకు, భయానికి సులభంగా లోనవుతాయి.

సినిమా చూసి ఒక జాతిపై ఇష్టం కలిగినవారు ఆ జాతి పూర్వం ఏ పనికి ఉపయోగించబడినదో, ఎటువంటి వాతావరణానికి చెందినదో, ఏ వ్యాధులకు లోనవుతుందో పశువైద్యుని అడిగి తెలుసుకొనవలెను. వీలైతే ఆ జాతికి చెందిన ఎదిగిన కుక్కతో కొంత సమయం గడపడం మంచిది.

ఇవి కూడా చూడండి

* కుక్క
* జోనంగి
* డాల్మేషియన్
* రేబిస్