శత్రువు వేషం వేసిన కొడుకు

గుమ్మడినీ, రమణారెడ్డినీ సొంత బాబాయిల్లా గుర్తుపెట్టుకున్న మనం, ఈ దేశపు పాత సినిమాల్లో హీరో పక్కన నిలబడ్డవాళ్ళ పేర్లు తెలుసుకునే ప్రయత్నం పెద్దగా చెయ్యం. ఫిలిప్ ఆన్ అలా పక్కన నిలబడ్డ మనిషి. సినిమాలు, టీవీ కలిపి 180కి పైగా వేషాలు వేశాడు. 1972 నుంచి 1975 దాకా వచ్చిన 'కుంగ్ ఫూ' సీరియల్లో గుండుతో కనిపించే పెద్ద గురువు మాస్టర్ కాన్ అతనే. చైనావాడిగా, జపాన్‌వాడిగా అతన్ని లక్షలమంది చూశారు గానీ, నిజానికి అతను కొరియన్. అంతకంటే ముఖ్యమైన సంగతి, అతను ఎవరి కొడుకన్నది.

తండ్రి ఆన్ చాంగ్ హో. కొరియన్లకు ఆయన 'దోసాన్' అనే పేరుతో చిరపరిచితులు. స్వాతంత్ర్య పోరాటంలో ఆయన స్థానం, మన దేశంలో మొదటి వరస నాయకుల స్థానం లాంటిది. 1902లో భార్య హెలెన్‌తో కలిసి చదువు కోసం శాన్ ఫ్రాన్సిస్కోలో దిగారు. ఇక్కడి కొరియన్ల అవస్థలు చూసి చదువు పక్కనపెట్టి, వాళ్ళను ఒక్కటి చేసే పనిలో పడ్డారు. రివర్‌సైడ్ నారింజ తోటల్లో కూలీలతో పాటు తానూ కాయలు కోశారు. ఒక్క నారింజనైనా శ్రద్ధగా కోస్తే అది కూడా దేశసేవే అని వాళ్ళకు చెప్పేవారట.

ఫిలిప్ 1905 మార్చి 29న లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. అమెరికాలో కొరియన్ దంపతులకు పుట్టిన మొదటి బిడ్డ అతనే అంటారు. 1910లో జపాన్ కొరియాను తనలో కలిపేసుకుంది. ఆ తర్వాత దోసాన్ ఇంటిపట్టున ఉన్న రోజులు తక్కువ. 1919లో షాంఘైలో ఏర్పడిన ప్రవాస ప్రభుత్వంలో పనిచేశారు. 1926లో అమెరికా విడిచి వెళ్ళినవారు మళ్ళీ రాలేదు. ఆ ఏడాదే పుట్టిన ఆఖరి కొడుకు రాల్ఫ్ తండ్రిని కళ్ళారా చూడనే లేదు. దేశం కోసం ఇల్లు వదిలినవారి కథలు మనం చాలా విన్నాం. ఆ ఇంట్లో మిగిలినవాళ్ళ కథలు అంతగా వినలేదు.

ఆ ఇంటికి పెద్ద కొడుకు ఫిలిప్. హైస్కూలు అయ్యాక ఉత్తర కాలిఫోర్నియాలోని కొలూసా దగ్గర వరిచేలల్లో పనికి వెళ్ళాడు. ఆ పొలం తండ్రి స్థాపించిన సంఘానిది. పట్టా మాత్రం ఫిలిప్ పేరు మీద ఉంది. కారణం, 1913లో కాలిఫోర్నియా చేసిన చట్టం. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదని దాని సారాంశం. ఇది మనకు సంబంధం లేని సంగతి కాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకు కూడా ఆ అర్హత లేదని తేల్చింది. దాంతో ఇంపీరియల్ లోయలోని పంజాబీ రైతులు కూడా ఇతరుల పేర్ల మీద వ్యవసాయం చేసుకోవలసి వచ్చింది. ఆ తలుపు మనకు 1946లో తెరుచుకుంది, కొరియన్లకు 1952లో. కొలూసాలో వానలకు పంట పోయింది. పట్టా ఎవరి పేరున ఉందో అప్పు కూడా వాళ్ళ మెడకే చుట్టుకుంటుంది కదా! ఫిలిప్ లాస్ ఏంజెలెస్ వచ్చి ఎలివేటర్ నడిపే పనిలో చేరాడు. యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో అడుగుపెట్టేసరికి 1934 వచ్చింది.

సినిమా పిలుపు అంతకు చాలా ముందే వచ్చింది. స్నేహితురాలు ఆనా మే వాంగ్ నటిస్తున్న 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' (1924) షూటింగ్ చూడబోతే, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ ఈ కుర్రాణ్ణి చూసి వేషం ఇస్తానన్నాడు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. ఆ మనుషులతో నా కొడుకు తిరగడానికి వీల్లేదంది. ఇంజనీరింగో మెడిసినో తప్ప మరో మాట వినని మన ఇళ్ళలో ఆవిణ్ణి అర్థం చేసుకోవడం కష్టం కాదు.

1936లో 'ఎనీథింగ్ గోస్' అనే సినిమాకు వేషం అడగడానికి వెళ్ళినప్పుడు జరిగింది నాకు మరీ ఇష్టమైన ఘట్టం. దర్శకుడు లూయిస్ మైల్‌స్టోన్ అతని మాట విని, నీ ఇంగ్లీషు మరీ బాగుంది, ఈ వేషానికి పనికిరావు అన్నాడు. ఫిలిప్ వెంటనే ముక్కలు ముక్కలుగా, వచ్చీరాని ఇంగ్లీషులో జవాబిచ్చాడు. వేషం దొరికింది. కాన్ఫరెన్స్ కాల్లో మన యాస అర్థం కాదంటారేమోనని డబ్బు కట్టి క్లాసులకు వెళ్ళినవాళ్ళు మనలో ఉన్నారు. లాస్ ఏంజెలెస్‌లో పుట్టి పెరిగినవాడు, తనకు లేని యాసను తెచ్చిపెట్టుకుంటే గానీ అన్నం పుట్టని కాలం అది.

మరుసటి ఏడాది 'గుడ్ ఎర్త్' వచ్చింది. చైనా రైతు దంపతుల కథ. ఆ దంపతులుగా వేసింది పాల్ మ్యూనీ, లూయీస్ రైనర్ అనే తెల్లవాళ్ళు. రైనర్‌కు ఆస్కార్ కూడా వచ్చింది. ఫిలిప్‌కు దొరికింది చిన్న వేషం. అదే 1937లో 'డాటర్ ఆఫ్ షాంఘై'లో మాత్రం ఆనా మే వాంగ్ సరసన ప్రభుత్వ డిటెక్టివ్‌గా, చక్కటి ఇంగ్లీషుతో, హీరోగా నటించాడు. ఆఖర్లో పెళ్ళి మాట కూడా ఉంటుంది. 2006లో ఆ సినిమాను నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు. అలాంటి వేషాలు అతనికి మరి కొన్నయినా వచ్చి ఉండాల్సింది.

1932లో షాంఘైలో అరెస్టయిన దోసాన్, జైలు నుంచి బయటపడి 1937లో మళ్ళీ అరెస్టయ్యారు. జైలులో ఆరోగ్యం పాడై 1938 మార్చి 10న సియోల్ ఆసుపత్రిలో కన్నుమూశారు. మూడేళ్ళకు పర్ల్ హార్బర్. హాలీవుడ్‌కు ఒక్కసారిగా జపాన్ విలన్లు కావలసి వచ్చారు. వేయడానికి జపనీయులు లేరు. 1942లో పడమటి తీరంలోని లక్షకు పైగా జపనీస్ అమెరికన్లను క్యాంపుల్లో పెట్టారు. ఆ యూనిఫారాలు చైనీయులకూ, కొరియన్లకూ తొడిగారు. తన తండ్రిని పొట్టనబెట్టుకున్న సైన్యం దుస్తుల్లో ఫిలిప్ తెర మీదికి వచ్చాడు. 'బ్యాక్ టు బటాన్' (1945)లో కల్నల్ కురోకి అతనే. ఎంత నమ్మకంగా చేశాడంటే, నిజంగానే జపాన్‌వాడనుకుని చంపుతామని ఉత్తరాలు రాశారట. ఆ రోజుల్లోనే అతను అమెరికన్ సైన్యంలో కూడా చేరాడు. చెల్లెలు సూసన్ 1942లో నౌకాదళంలో చేరి, కుర్రాళ్ళకు తుపాకీ గురి నేర్పింది.

పరిశోధకులు కొందరు ఈ వేషాలను అవమానంగా చూస్తారు. నేను అలా అనుకోను. ఆ దుర్మార్గం ఎలా ఉంటుందో లోకానికి చూపే అవకాశం అతనికి ఉత్తరాలతోనూ, చిన్నతనపు ఎదురుచూపులతోనూ పెరిగిన ఇంటి నుంచి వచ్చింది. దాన్ని అతను వదులుకోలేదు. అయితే క్యాంపుల్లో ఉన్న అమాయకుల మీద ద్వేషాన్ని ఆ సినిమాలే పెంచాయన్నదీ నిజమే. ఈ రెండు నిజాలకూ పొత్తు కుదర్చడం నావల్ల కాలేదు.

యుద్ధం తర్వాత ముసలివాళ్ళు, గురువులు, వంటవాళ్ళు. కొరియా యుద్ధం మీద తీసిన 'బ్యాటిల్ హిమ్' (1957)లో కొరియన్ వేషం, అదీ ఒక వృద్ధుడిది. విడ్డూరమేమిటంటే, అందులో ముఖ్యమైన స్త్రీ పాత్ర వేసింది భారతదేశంలో పుట్టిన అన్నా కాష్ఫీ! 'కుంగ్ ఫూ' ప్రధాన పాత్రకు బ్రూస్ లీని పరిశీలించి, చివరికి డేవిడ్ కారడైన్‌కు ఇచ్చారు. ఫిలిప్ అతనికి గురువయ్యాడు.

వేషాల మీద మాత్రమే ఆధారపడకుండా 1954లో కుటుంబంతో కలిసి పానరామా సిటీలో 'మూన్‌గేట్' అనే చైనీస్ రెస్టారెంట్ తెరిచాడు. అది ముప్ఫై ఏళ్ళకు పైగా నడిచింది. పెళ్ళి చేసుకోలేదు. సినిమాలు వద్దన్న తల్లి 1969లో పోయింది. 1973లో సియోల్‌లో దోసాన్ పేరిట పార్కు కట్టినప్పుడు, లాస్ ఏంజెలెస్ నుంచి ఆవిడ అస్థికలు తీసుకువెళ్ళి భర్త పక్కన ఉంచారు. ఫిలిప్ 1978 ఫిబ్రవరి 28న లాస్ ఏంజెలెస్‌లోనే పోయాడు. హాలీవుడ్ బులవార్డ్ మీద అతని పేరుతో నక్షత్రం 1984లో వేశారు.